ఖరాబు చేసే హక్కు

మా ధర్మపురిలో స్కీలు తయారు చేద్దామని ఎవరన్నా అంటే గోదావరి మెట్ల మీద కూర్చున్న ముసలోళ్లు కూడా నవ్వుతారు. మే నెలలో ఎండ 45 తాకే ఊరు మాది. బర్ఫ్ అంటే మాకు తెలిసింది సోడా బండి మీద గోనెసంచి కప్పిన గడ్డ. కాదంటే 2004లో హైదరాబాద్‌లో తెరిచిన స్నో వరల్డ్‌లో, బడి పిల్లల టూరు పోయినప్పుడు చూసిన తెల్ల పొడి. అయినా ఈసారి స్కీల గురించే రాస్తున్నా. మంచు మీద జారే ఆట మీద నాకు పెద్ద షౌక్ ఏం లేదు. ఆ జారుడు చెక్కల్ని ఇంటి వెనక షెడ్డులో సొంత చేతులతో చేసుకునే మనుషుల దగ్గర ఒక చీజ్ ఉంది. మన కారీగర్ల దగ్గర అది లేదు. నా బహస్ దాని గురించే.

పత్రికలో డెస్క్ పని ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. వెంటనే నిద్ర రాదు. అట్లా కొన్ని నెలలుగా అమెరికాలో, నార్వేలో, కెనడాలో కారు షెడ్లలో స్కీలు, స్నోబోర్డులు చేసేవాళ్ల వీడియోలు చూస్తున్నా. ఒకాయన పళ్ల డాక్టరు, ఇంకొకాయన లెక్కల టీచరు. ఎవరికీ అది పేట్ కా ధందా కాదు. నన్ను పట్టుకున్నది వాళ్ల ఇంగ్లీషు కాదు, వాళ్ల బల్ల మీది సామాను. ప్రతి చీజ్‌కూ నా దగ్గర ఒక పేరు ఉంది. వాళ్లు చెక్కను నున్నగా తీసేది రంద. బెజ్జం వేసేది బర్మా. మూల సరిచూసేది గుణియా. అతికించిన పట్టీల్ని బిగించి పెట్టేది శికంజా. ఇనుము అరగదీసేది రేతీ. ఆఖర్న రుద్దేది రెగ్మాల్. గీత గీసుకునే అట్ట ఫర్మా. నేను పదో క్లాసు దాకా ఉర్దూ మీడియంలో చదివా, డిగ్రీ తెలుగు సాహిత్యంలో చేశా. ఆ మూడేళ్ల పాఠ్యపుస్తకాల్లో ఈ మాటల్లో ఒక్కటి కూడా నాకు తగల్లేదు. మా బడి ఉర్దూ కితాబుల్లోనూ లేవు. ఇవి కోరుట్ల, జగిత్యాల వడ్లోళ్ల నోట్లోనే బతికి ఉన్న మాటలు. హిందూ ముస్లిం తేడా లేకుండా తెలంగాణలో చెక్క పని చేసే ప్రతి మనిషీ రోజూ మాట్లాడే ఉర్దూ ఇది. భాష గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు స్కీకి వద్దాం.

స్కీ అంటే చాలామంది ఒక పొడుగు పలక, ముందు మూతి కొంచెం పైకి వంచింది అనుకుంటారు. ఒక రోజు కోరుట్లలో నాకు తెలిసిన వడ్ల తాతకు ఫోన్‌లో ఆ వీడియో చూపించా. ఆయన రెండు నిమిషాలు మాట్లాడకుండా చూసి, "గిది పలక గాదు భాయ్, కమాన్" అన్నాడు. ఆయనకు అక్షరం రాదు, అంతా అర్థమైంది. నేల మీద పెడితే స్కీ నడుము లేచి ఉంటుంది, మొన, మడమ మాత్రమే ఆనుతాయి. మనిషి ఎక్కి నిలబడితే ఆ వంపు అణిగి, బరువు పొడుగంతా పరుచుకుంటుంది. దూదేకులవాళ్లు దూది ఏకే కమాన్ ఎట్లా వంగి మళ్లీ లేస్తుందో, అదే తరహా. వంగాలి, లేవాలి, విరగొద్దు. ఈ మూడింటి మధ్య తూకమే స్కీ తయారీ మొత్తం.

అందుకే దాన్ని ఒక్క చెక్కతో చెయ్యరు. నడిమి చెక్క కోసం పోప్లర్, యాష్, మేపుల్ లాంటి కర్రను సన్నటి పట్టీలుగా కోస్తారు. ఒక పట్టీ రేషా ఇటు ఉంటే పక్క పట్టీ రేషా అటు ఉండేట్టు తిప్పి, పక్కపక్కన పెట్టి సరేసుతో అతికిస్తారు. అట్లా తిప్పకపోతే నెల రోజుల్లో చెక్క తిరుగుతుంది. తర్వాత అసలు నజాకత్ పని. కాలు కింద 11 మిల్లీమీటర్లు, అంటే మన మిస్త్రీ లెక్కలో మూడున్నర సూత్. అక్కణ్ణుంచి అటూ ఇటూ తగ్గుతూ తగ్గుతూ మొనల దగ్గర 2 మిల్లీమీటర్లు, ఒక సూత్ కూడా ఉండదు. ఐదున్నర, ఆరడుగుల పొడుగులో ఆ వాలు ఎక్కడా తట్టుకోవద్దు. వాళ్లు వాలు గాడి చేసుకుని దాని మీద రంద మిషన్ నడిపిస్తారు. మన తాత అయితే కన్ను మూసి తెరిచి చూపుతో తీస్తాడు.

ఈ చెక్కకు పైనా కిందా గాజునార గుడ్డ పరుస్తారు, ఎపాక్సీతో తడుపుతారు. ఎపాక్సీ అంటే భయపడాల్సిన మాటేం కాదు, మన అరల్డైట్ ఖాన్‌దానే. గుడ్డ విషయంలో సిరిసిల్లవాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. స్కీకి వాడే మంచి గాజుగుడ్డ మామూలు నేత కాదు. పడుగు పేకల్లాగ పోగులు ఒకదాని కింద ఒకటి దూరవు. ఒక పొర నిలువుగా, ఒక పొర 45 డిగ్రీలు ఇటు, ఇంకో పొర 45 డిగ్రీలు అటు పరిచి సన్న దారంతో కుట్టేస్తారు. పోగు వంపులు తిరక్కుండా సాపుగా ఉంటే దాని జోరు పూర్తిగా పనికొస్తుంది. నిలువు పోగు వంగే బరువు మోస్తుంది, ఏటవాలు పోగు మెలి తిరక్కుండా ఆపుతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరికి ఈ హిసాబ్ ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నట్టు, ఉర్దూలో సాంచా అంటే అచ్చు, మూస. సిరిసిల్లలో సాంచా అంటే మరమగ్గం. స్కీ తయారీలో ఆ రెండు సాంచాల పనీ ఉంది.

అడుగున ప్లాస్టిక్. మన బకెట్లు, డ్రమ్ములు చేసే పాలిథీన్ జాతిదే, కాకపోతే చాలా గట్టి రకం. దానికి ఏ జిగురూ పట్టదు, అదే దాని గుణం, అందుకే బర్ఫ్ కూడా పట్టదు. మరి చెక్కకు ఎట్లా అంటించాలి? ఒక వైపు రెగ్మాల్ కొట్టి, మంట చూపించి గరుకు చేస్తారు. దాని అంచు పొడుగునా సన్నటి ఉక్కు కమ్మి. మలుపు తిరిగేటప్పుడు మంచును కోసి పట్టుకునేది అదే. ఫర్మా వంపు ప్రకారం దాన్ని చేత్తో వంచి ఫెవీక్విక్ లాంటి దాంతో చుక్కలు పెట్టి నిలబెడతారు. ఉక్కుకూ మిగతా పొరలకూ మధ్య సన్న రబ్బరు పట్టీ వేస్తారు, లేకపోతే చలికి ఉక్కు ముడుచుకుని పొరల్ని విడదీస్తుంది. చెక్క మీద ఇనుము కూర్చోబెట్టడం మన కమ్మరికి, వడ్లకు కొత్తనా? ఎడ్లబండి గిర్రకు పట్టా ఎక్కించేటప్పుడు ఇనుమును ఎర్రగా కాల్చి, సాగదీసి, తొడిగి, నీళ్లు గుమ్మరిస్తే అది ముడుచుకుని చెక్కను కరిచి పట్టుకునేది. వాళ్లు ముడుచుకునే గుణాన్ని వాడుకున్నారు, వీళ్లు దానికి రబ్బరు అడ్డం పెడుతున్నారు. ఇల్మ్ ఒక్కటే.

అన్నీ పేర్చాక నొక్కాలి. ఇక్కడే నాకు మస్త్ నచ్చిన జుగాడ్ ఉంది. ఫ్యాక్టరీలో ఇందుకు లక్షల ఖరీదు ప్రెస్సులుంటాయి. ఇంటి కారీగరు ఏం చేస్తాడంటే రెండు ఇనుప గర్డర్లు కిందా మీదా పెట్టి, బోల్టులు బిగించి, మధ్యలో వంపు సాంచా, దాని మీద స్కీ, దాని మీద ఫైరింజన్ నీళ్ల గొట్టం. పాత గొట్టం, రెండు చివరలూ పట్టీలతో బిగించింది. దాంట్లోకి కంప్రెసర్‌తో గాలి కొడతాడు. గొట్టం ఉబ్బి స్కీని సాంచా మీదికి అదుముతుంది. గాలి ఎంతనుకుంటున్నారు? 40 పౌండ్లు చాలు. కారు టైరు కన్నా ఓ మోస్తరు ఎక్కువ, లారీ టైరు కన్నా చాలా తక్కువ. కానీ లెక్క వేసి చూడండి. గొట్టం 20 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడుగు నొక్కుతుందనుకుంటే 3,600 చదరపు సెంటీమీటర్లు. ఒక్కోదాని మీద దాదాపు 3 కిలోలు. మొత్తం 10 టన్నులు దాటుతుంది! గర్డరు తట్టుకోకపోతే షెడ్డు పైకప్పు లేచిపోతుంది, కాబట్టి వెల్డింగ్ మిస్త్రీ ఖాబిల్ అయి ఉండాలి. మెట్‌పల్లి రోడ్డు మీద పంక్చర్ దుకాణాలకూ, వెల్డింగ్ షాపులకూ కరువు లేదు.

ఎపాక్సీ గట్టిపడ్డాక కోసి, అంచులు రేతీ పట్టి, అడుగు సాపు చేసి, చివర్న మైనం ఎక్కిస్తారు. దేంతో? ఇస్త్రీ పెట్టెతో. స్నోబోర్డు కూడా ఇదే తరీకా. ఒక్కటే పలక, వెడల్పు ఎక్కువ, రెండు కాళ్లూ దాని మీదే అడ్డంగా. బూటు బిగించే మరల కోసం నడిమి చెక్కలోనే ముందుగా బెజ్జాలు వేసి లోహపు గూళ్లు దించుతారు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఇందులో మా ఇలాకాకు రాని పని ఒక్కటి లేదు. ఫైబర్ పని కూడా. మా అమ్మీ తమ్ముడు, అంటే మా మామూ, షార్జాలో ఫైబర్‌తో నీళ్ల ట్యాంకులు, గుంబజ్‌లు పోసే కంపెనీలో పద్నాలుగేళ్లు చేసి వచ్చాడు. ఆయనకు వీడియో చూపిస్తే ఒక్క సవాలే అడిగాడు: "పాలియెస్టరా, ఎపాక్సీయా?" ట్యాంకుకు చవక పాలియెస్టర్ చాలు, కదలదు కాబట్టి. వేలసార్లు వంగి లేవాల్సిన దానికి ఎపాక్సీయే కావాలని ఆయనే చెప్పాడు. ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. వేడి 10 డిగ్రీలు పెరిగితే మందు గట్టిపడే టైము దాదాపు సగానికి పడిపోతుంది, లోతు డబ్బాలో కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది, అందుకే ఎండాకాలం వెడల్పు పళ్లెంలో కలుపుకుని ఫజర్ కన్నా ముందే పని ముగించాలి. వీడియోలో పళ్ల డాక్టరు ఇదే సబక్ మూడు స్కీలు పాడు చేసుకుని నేర్చుకున్నాడు.

మా మామూ కంపెనీ పేరు నేను రాయను, ఆ కాగితం సంగతి మాత్రం రాస్తా. పద్నాలుగేళ్లూ ఆయన కాగితంలో పేషా కాలమ్‌లో ఉన్న మాట "హెల్పర్". గల్ఫ్‌లో చేతిలో రంద పట్టుకున్నవాణ్ణి నజ్జార్ అని రాయాలి, చాలామందికి ఆమిల్ అని రాస్తారు. ఆ రెండు మాటల మధ్య తనఖా తేడా ఎంతో కోరుట్లలో ఏ ఇంటి తలుపు తట్టినా చెప్తారు.

ఇప్పుడు ఆ దేశాల దాస్తాన్ చూడండి. స్వీడన్‌లో కాల్వ్‌ట్రాస్క్ అనే చోట 1924లో తవ్వి తీసిన స్కీలు 5,000 ఏళ్లు పైబడినవి, దేవదారు జాతి పైన్ కర్రవి. అంటే మొదటి నుంచీ ఇది ఇంటి పనే. నార్వేలో సోండ్రే నోర్‌హైమ్ అనే ఒక గరీబ్ కౌలుదారు ఉండేవాడు, 1825లో టెలిమార్క్ ఇలాకాలో పుట్టాడు. సొంతంగా చెక్కి చెక్కి, స్కీ నడుము సన్నం చేస్తే మలుపు తిరగడం తేలికని కనిపెట్టినవాళ్లలో ఆయన పేరే ముందు. మడమ చుట్టూ మెలితిప్పిన కొమ్మలతో పట్టీ వేసి కాలు జారకుండా చేశాడు. ఆఖరుకు ఆయనా మన వలసకూలీల లెక్కనే పొట్ట చేతబట్టుకుని 1884లో అమెరికా పోయాడు, 1897లో అక్కడే చనిపోయాడు.

హోవర్డ్ హెడ్ విమానాల కంపెనీలో ఇంజనీరు. మొదటిసారి స్కీ చేసి, చెక్క స్కీల బరువు చూసి విసుక్కుని, విమానం రెక్క లాగ అల్యూమినియం రేకుల మధ్య చెక్క పెట్టి చేద్దామనుకున్నాడు. తొలి జతలు కొండ మీదికి తీసుకెళ్తే విరిగిపోయాయి. మళ్లీ చేశాడు, మళ్లీ విరిగాయి. 1950లో బజారుకొచ్చిన స్కీ వెనక ఇట్లాంటి ఎన్నో విరిగిన జతలున్నాయి. ఆ ఖర్చులో కొంత పేకాటలో గెలిచి దాచుకున్న డబ్బని ఆయన చరిత్ర రాసినవాళ్లంటారు. హరామ్ పైసా అని మా తాయా వింటే అనేవాడు, కానీ అది అప్పు కాదు కదా. ఎవరికీ తిరిగి కట్టక్కర్లేదు. ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి.

1965 క్రిస్మస్ రోజు అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మస్కిగన్ ఊళ్లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు ఇంట్లో అల్లరి చేస్తున్న బిడ్డల కోసం రెండు స్కీలు పక్కపక్కన పెట్టి బిగించి ఆటవస్తువు చేశాడు. స్నోబోర్డుకు అది అమ్మమ్మ. దానికన్నా రెండేళ్ల ముందే, 1963లో, న్యూజెర్సీలో టామ్ సిమ్స్ అనే ఎనిమిదో క్లాసు పిల్లగాడు బడిలో చెక్కపని పీరియడ్‌లో తన మంచు పలక తాను చేసుకున్నాడు. బడిలో! ఆ బడికి చెక్కపని గది ఉంది, దాంట్లో ఉస్తాద్ ఉన్నాడు, పిల్లగాడు ఏం చేస్తానంటే అది చెయ్యనిచ్చే రివాజు ఉంది. జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో వర్మాంట్‌లో కంపెనీ పెట్టాడు. ఇంటిపేరే వడ్రంగి, చెక్కపని మాత్రం రాదు. అమ్మకానికి పనికొచ్చే పలక దొరికేలోపు 100 దాకా నమూనాలు చేశాడు. రాత్రిళ్లు బారులో పని చేసుకుంటూ, వారసత్వంగా వచ్చిన సొమ్ము కరగదీసుకుంటూ. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డు ఒక ఆటగా చేరింది.

నా సవాల్ ఆ 100 దగ్గరే ఉంది.

మన దగ్గర ఏ వడ్ల పిల్లగాడన్నా, ఏ ఖరాద్ మిస్త్రీ కొడుకన్నా 100 పలకలు ఖరాబు చెయ్యగలడా? నూరు వద్దు, పది? ఒక్కటి చెయ్యనీ. టేకు పలక అడ్డంగా కోస్తే చెంప పగులుతుంది. నా చిన్నప్పుడు మా మొహల్లాలో ఒక దోస్త్ వాళ్ల నాన్న రందతో పతంగి చక్రీ చేద్దామని ఒక మంచి చెక్క ముక్కను పాడు చేశాడు. ఆ చెక్క ఎవరిదో ఆసామి తలుపుకు తెచ్చింది. ఆ తండ్రి కొట్టడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆయన జాలిమ్ కాదు. ఆ ముక్క ఖరీదు ఆయన రెండ్రోజుల కూలి. గరీబ్ ఇంట్లో చెక్క ఎప్పుడూ ఎవరో ఒకరిది, ఆసామిది లేదా షావుకారుది. సొంతం అనదగ్గ చెక్క ఉండదు. హునర్ ఉంటుంది, ఖరాబు చేసే హక్కు ఉండదు. ఆ హక్కు లేనివాడు నిన్న చేసిన తలుపే ఇవ్వాళా చేస్తాడు, పొద్దున లేచి మళ్లీ అదే. దాన్ని చూసి చదువుకున్న మనం, వీళ్లకు కొత్త ఆలోచనలు రావు అని తీర్పు చెప్తాం.

సర్కారు సంగతి చూద్దాం. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో క్లాసు పాసు కానివాడి పాస్‌పోర్టుకు వలస క్లియరెన్స్ కావాలి, గల్ఫ్ సహా 18 దేశాలకు పోవాలంటే. మూడేళ్లు బయట చేసొచ్చినవాళ్లకు, ఇంకా కొందరికి మినహాయింపులున్నాయి, కాదనను. ఆ అడ్డు కూలీని మోసం నుంచి కాపాడడానికే పెట్టారన్నదీ నిజమే. కానీ ఆ చట్టం కళ్లకు ముప్పై ఏళ్ల నుంచి కన్నుతో సూత్ కొలిచే మనిషి, ఏ పనీ రాని మనిషి ఒక్కటే. పదో క్లాసు మెమో ఉంటే చాలు, రంద ఏ వైపు పట్టుకోవాలో తెలియనివాడు దర్జాగా దాటిపోతాడు.

2023 సెప్టెంబర్ 17న వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగితో కలిపి 18 వృత్తులున్నాయి. ఐదు నుంచి ఏడు రోజుల మొదటి శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆ పైన 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. లేనిదానికన్నా బెహతరే, పనిముట్ల డబ్బు చేతికొచ్చినవాడు దువా ఇస్తాడు. కానీ హోవర్డ్ హెడ్ పైసలు గుర్తున్నాయి కదా? అప్పు తెచ్చిన చెక్కను ఎవడూ ఖరాబు చెయ్యడు. అప్పు తెచ్చినవాడు రేపే అమ్ముడుపోయే సామాను చేస్తాడు. కుర్చీ, మంచం, దర్వాజా. కొత్త చీజ్ పుట్టాలంటే తిరిగి కట్టక్కర్లేని చెక్క కావాలి.

హైదరాబాద్‌లో టీ-వర్క్స్ అని 2023 మార్చిలో తెరిచారు, 78,000 చదరపు అడుగులు, నమూనాలు చేసుకునేవాళ్ల కోసం దేశంలోనే పెద్ద జాగా అంటారు. బ్రహ్మాండం. కానీ అది రాయదుర్గంలో ఉంది, ధర్మపురి నుంచి బస్సుకు ఒక పూట పోతుంది. బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులకు 20 లక్షల దాకా ఇస్తున్నారు. నేను చూసిన ఒకట్రెండు చోట్ల త్రీడీ ప్రింటర్ మీద ప్లాస్టిక్ కవర్ అట్లాగే ఉంది, పాడవుతుందని తాళం వేశారు. పాడవుతుందనే తాళం వేసిన చోట పిల్లలు ఏం నేర్వాలి?

ఇక్కడ ఒక ఏతరాజ్ వస్తుంది, అది గట్టిది. మా దోస్త్ ఒకాయన, దళిత ఉద్యమంలో పనిచేసినాయన, ఈ మాటలు విని మండిపడ్డాడు. "బడిలో రంద పెడతవా? వడ్లోని కొడుకును మళ్లీ వడ్లోణ్ణే చేస్తవా? అగ్రకులపోని కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకోవాలె, మావోడు ఉలి పట్టుకోవాలెనా?" ఆయన కోపం వెనక తారీఖ్ ఉంది. 1953లో మద్రాసులో రాజాజీ, బడి సగం పూట, మిగతా పూట ఇంటి వృత్తి అన్న పథకం తెచ్చాడు. జనం దాన్ని కులవిద్య అని పిలిచారు, తిరగబడ్డారు, 1954లో ఆయన గద్దె దిగాడు, పథకం పోయింది. పోవడమే మంచిదైంది. తండ్రి పనిని కొడుకు మెడకు కట్టే తాలీమ్ తాలీమ్ కాదు.

అయితే గాంధీజీ నయీ తాలీమ్ కోసం 1937లో వార్ధాలో వేసిన కమిటీకి సదర్ ఎవరు? మన హైదరాబాద్‌లో 1897లో పుట్టిన జాకిర్ హుసేన్ సాబ్. ఆ స్కీములో చేతిపని ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లగాడికీ. ఆ ఇంటి కులం ఏదైనా సరే. దాంట్లోనూ నాకు ఒక మాట నచ్చదు. పిల్లలు చేసిన సామాను అమ్మి బడి ఖర్చులో కొంత రాబట్టాలన్న ఆశ ఉండేది. అమ్మాలి అనగానే మళ్లీ అదే భయం, ఖరాబు చెయ్యొద్దన్న భయం. నేను అడిగేది అమ్మక్కర్లేని బల్ల. డాక్టరు సాబ్ బిడ్డ, ఆటో నడిపే భాయ్ బిడ్డ పక్కపక్కన నిలబడి ఒకే చెక్క పాడు చేసే బల్ల. అమెరికాలో పళ్ల డాక్టరు రంద పట్టుకుంటే హాబీ, శౌక్, ఇజ్జత్. మన దగ్గర రంద పడితే ఆ ఇంటి కులం అడుగుతారు. పట్టుకునే చేతులు మారితేగానీ ఆ సవాల్ అడగడం ఆగదు. మా దోస్త్‌కు ఇదే చెప్పా. ఆయన పూర్తిగా మానలేదు, "మొదటి ఏడాది మీ డాక్టరు బిడ్డల్నే నిలబెట్టు, చూద్దాం" అన్నాడు. మంజూర్.

రెండో ఏతరాజ్ అందరూ అనేది: ఇందులో రొట్టె ఎక్కడుంది? స్కీలు చేసి ధర్మపురిలో ఎవరికి అమ్ముతావ్? నిజమే, అమ్మలేను. కానీ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు హిందూస్థాన్ నుంచి పోయిన ఏకైక ఆటగాడు మొహమ్మద్ ఆరిఫ్ ఖాన్, గుల్‌మర్గ్‌లో స్కీ సామాను దుకాణం నడిపే తండ్రి కొడుకు. సామాను మధ్య పెరిగిన పిల్లగాడు. అంతకు ముందు శివ కేశవన్ అని ల్యూజ్ ఆటగాడు, మంచు ట్రాకు లేక బల్లకు చక్రాలు కట్టి హిమాలయాల తారు రోడ్ల మీద లారీల మధ్య నుంచి జారుతూ సాధన చేశాడు, ఆరు ఒలింపిక్స్ ఆడాడు. అఫ్గానిస్తాన్ బామియాన్‌లో విదేశీయుల స్కీలు చూసిన ఊరి పిల్లలు మామూలు చెక్కతో సొంత స్కీలు చేసుకుని కొండ మీద నుంచి జారారు. యుద్ధంలో నలిగిన ఆ ఊళ్లో కూడా వాళ్లకు పాడు చేసుకునేందుకు ఒక చెక్క దొరికింది.

మా ఇలాకాకు దగ్గరి దారి ఇంకొకటి ఉంది. మావాళ్లు సగం మంది ఉండేది రేత్ మధ్యన. దుబాయ్‌లో 2005 నుంచి మాల్‌లో కట్టిన మంచు కొండ ఉంది, బయట ఎడారి గుట్టల మీద ఇసుక పలకల ఆట ఉంది. ఇసుక పలకకు ఉక్కు కమ్మి అక్కర్లేదు, ఆ గట్టి ప్లాస్టిక్ కూడా అక్కర్లేదు. ఇసుక మెత్తటి అడుగును అరగదీస్తుంది కాబట్టి సన్‌మైకా లాంటి గట్టి రేకు అంటించి మైనం రుద్దుతారు. సన్‌మైకా అంటించని ఫర్నిచర్ మిస్త్రీ కోరుట్లలో ఉన్నాడా? నడిమి చెక్కకు నా సలహా వెదురు. పట్టీలుగా చీల్చి అతికిస్తే తేలిక, వంగుతుంది, లేస్తుంది. కొన్ని పెద్ద స్కీ కంపెనీలు కూడా వెదురు వాడుతున్నాయి. టేకు వద్దు. దాంట్లో నూనె ఉంటుంది, థిన్నర్‌తో తుడవకపోతే ఎపాక్సీ విడిచిపోతుంది. తుమ్మ గట్టిదేగానీ మోయలేం. ఇది తాత మాట, నాది కాదు. మామూ, తాత ఇద్దరూ కూర్చుంటే మొదటి పలక రంజాన్ సెలవుల్లోపు తయారవుతుంది. అది విరుగుతుంది కూడా. రెండోది కూడా విరగొచ్చు. మూడోదానికి చెక్క ఎవరిస్తారన్నదే మామూ అడిగాడు.

దానికి నా దగ్గర తజ్వీజ్ ఉంది. మండలానికి ఒక సర్కారీ హైస్కూల్లో ఒక రేకుల షెడ్డు. మిషన్లు కొత్తవి వద్దు. ఒక కటింగ్ మిషన్, ఒక రంద మిషన్, కంప్రెసర్, రెండు గర్డర్లు, పన్నెండు శికంజాలు, దుమ్ముకు, మందు వాసనకు మాస్కులు, చేతి తొడుగులు. ఉస్తాద్‌గా గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన ఒక మనిషి, పదో క్లాసు మెమో అడగకుండా, తనఖా ఇచ్చి. శుక్రవారం, శనివారం సాయంత్రాలు ఊళ్లో ఎవరికైనా తలుపు తెరిచి ఉండాలి. ఆడపిల్లలకు మొదటి గంట.

ఇవన్నీ చెప్తే విద్యాశాఖలో పనిచేసే ఒక సాబ్ ఓపిగ్గా విని, షెడ్డు సంగతి చూడొచ్చు, ఉస్తాద్ సంగతి కష్టం, చెక్క సంగతి అసలే కుదరదు అన్నాడు. ఎందుకంటే కొన్న చెక్కకు బదులు సామాను చూపించాలి, లేకపోతే ఆడిట్‌లో రికవరీ పడుతుంది. ఆయన చెప్పింది రూలు, ఆయన తప్పు లేదు. కాబట్టి నేను అడిగేది ఒక్క పద్దు. బడి గ్రాంటు రిజిస్టర్‌లో సుద్దముక్కలకు, చీపుర్లకు పద్దు ఉన్నట్టే ఇంకొకటి రాయండి: "పిల్లలు ఖరాబు చేసిన చెక్క — ఏడాదికి ఇరవై పలకలు, బదులుగా సామాను చూపించనక్కర్లేదు." విరిగిన ముక్కల్ని పారేయకుండా గోడకు ఆనించి పెడతాం, ఆడిటర్ సాబ్ వచ్చినప్పుడు లెక్క పెట్టుకోవచ్చు.